అమ్మ అన్నది, అమ్మ చెప్పింది

మొన్న క్లాసుకి ఒక అమ్మాయి ఆలస్యంగా వచ్చింది. లండన్ శివార్లలోని హౌన్స్‌లోలో ఒక లైబ్రరీ పైగదిలో, ఈ దేశానికి కొత్తగా వచ్చిన పెద్దవాళ్ళకి నేను ఇంగ్లీషు నేర్పుతుంటాను. ఆ అమ్మాయిది నల్గొండ వైపు. భర్త ఎయిర్‌పోర్ట్ దగ్గర గోడౌన్‌లో పని చేస్తాడు. తడిసిన గొడుగు తలుపు పక్కన పెట్టి, మాటలు కూడబలుక్కుని, “సారీ మేడమ్, మై హస్బెండ్ సెడ్ మీ, బస్ నాట్ కమింగ్” అంది.

“సెడ్ మీ కాదమ్మా, టోల్డ్ మీ.”

“రెండిట్ల ఫరక్ ఏంది మేడమ్? రెండూ చెప్పుడే గద!”

బోర్డు మీద రెండు వాక్యాలు రాసి ఏదో వివరించాను. మనసు మాత్రం ఆ గదిలో లేదు. ఇదే ప్రశ్న మా అమ్మ అడగగా విన్నాను, చిన్నప్పుడు, లండన్‌కి ఉత్తరాన ఉన్న స్టీవెనేజ్‌లో, పక్కింటి వంటగదిలో. ఆ ఏడు మా ఇంట్లో జరిగినదంతా ఆ ఒక్క ప్రశ్న వెనక నుంచి వరసగా నడిచి వచ్చింది.

మాది అప్పుడు ప్రభుత్వం అద్దెకిచ్చిన కౌన్సిల్ ఇల్లు. ఒకే రకం ఇటుకతో, ఒకే రకం తలుపులతో వీధంతా ఒక్కలాగే ఉండేది. స్కూలు నుంచి వస్తూ నేను మా ఇంటిని ముక్కుతో గుర్తుపట్టేదాన్ని. ఇంగువ తిరగమోత పెట్టేటప్పుడు అమ్మ ఎంత చలిలోనైనా కిటికీలన్నీ బార్లా తెరిచేది. అయినా ఆ వాసన పోయేది కాదు. కిరసనాయిలు పోసే పారఫిన్ హీటర్ వాసన, ఆరని ఉన్ని కోట్ల వాసన, వాటి మధ్య ఇంగువ. తెల్లారేసరికి గుమ్మంలో పాల సీసాలు ఉండేవి. మేం లేచేలోపే పిట్టలొచ్చి వాటి రేకు మూతలు పొడిచి మీగడ తినేవి. కొన్నిసార్లు ఆ పిట్టను నేనే. మూతకి చిన్న చిల్లు పెట్టి మీగడ పీల్చేసి, “పిట్టలు మళ్ళీ వచ్చినయ్యే అమ్మా” అనేదాన్ని.

నాన్న విమానాల భాగాలకు బొమ్మలు గీసే ఆఫీసులో పని చేసేవారు. అమ్మ తెనాలి దగ్గర పల్లెటూరి నుంచి, పెళ్ళయ్యాక, నన్ను చంకనేసుకుని వచ్చింది. తమ్ముడు ఇక్కడే పుట్టాడు. మా చుట్టుపక్కల తెలుగువాళ్ళు లేరు. నెలకోసారి లండన్ నుంచి ఒక అంకుల్, ఆంటీ కారులో వచ్చి కందిపప్పు, ఎండుమిరపకాయలు ఇచ్చి వెళ్ళేవాళ్ళు. వాళ్ళు వచ్చిన రోజు అమ్మ మాట్లాడినన్ని మాటలు మిగతా నెలంతా కలిపినా ఉండేవి కావు. ఊరి నుంచి తెచ్చుకున్న ఆవకాయ అయిపోయాక జాడీ అడుగున మిగిలిన నూనెలో అన్నం కలిపి, నాకొక ముద్ద, తమ్ముడికొక ముద్ద పెట్టి, ఆ ఖాళీ జాడీని కడగకుండా అలాగే మూత పెట్టి ఉంచింది. అప్పుడప్పుడు మూత తీసి వాసన చూసేది.

తమ్ముడికి రెండేళ్ళు దాటాయి. మాట రాలేదు. నవ్వేవాడు, పరిగెత్తేవాడు, బిస్కెట్ల డబ్బా ఎక్కడ దాచినా వెతికి పట్టుకునేవాడు. మాట మాత్రం లేదు. చిన్నపిల్లల్ని చూడటానికి ఇంటికి వచ్చే నర్సు ఒకావిడ ఉండేది. ఆవిడ సోఫా అంచున కూర్చుని, టీ చల్లారిపోతున్నా ముట్టకుండా, నాన్నతో చెప్పింది. ఇంట్లో ఒక భాష, బయట ఒక భాష అయితే పిల్లాడు తికమక పడతాడు, ఇంట్లో మీ భాష మానేసి ఇంగ్లీషే మాట్లాడండి, మాటలు వాటంతటవే వస్తాయి అని. ఆ రోజుల్లో చాలామందికి అలాగే చెప్పేవారు. చెడ్డ మనసుతో కాదు. అది నిజమని వాళ్ళూ నమ్మారు.

అమ్మ అప్పుడే, నర్సు ముందే, తెలుగులో అంది. “కాదండీ. వీడికి వినపట్టంలా. వెనక నుంచి పిలిస్తే తిరగట్లా.”

“తలుపు ధడేల్‌మంటే తిరుగుతున్నాడుగా” అన్నారు నాన్న.

“తలుపుకి తిరుగుతాడు. నా మాటకి తిరగడు.”

“ఆడుకునే ధ్యాసలో ఉంటాడు. ఇంత చదువుకున్నవాళ్ళు, వాళ్ళకి తెలీదా?”

అమ్మ పట్టుబడితే నాన్న సర్జరీకి, అంటే ఇక్కడి డాక్టరు క్లినిక్‌కి, తీసుకెళ్ళారు. నేనూ వెళ్ళాను. డాక్టరు ముందు అమ్మ తెలుగులో, చేతులు తిప్పుతూ, చాలాసేపు చెప్పింది. నాన్న అంతా విని, “వాడు ఇంకా మాట్లాడటం లేదని ఆవిడ బెంగపడుతోంది” అని ఇంగ్లీషులో ఒక్క ముక్క చెప్పారు. వినపడటం లేదన్న మాటే అందులో లేదు. నాకది తెలిసింది. అమ్మకి తెలియలేదు. డాక్టరు కూడా నర్సు అన్నదే అన్నారు.

ఆ సాయంత్రం నుంచి మా ఇంట్లో తెలుగు ఆగిపోయింది. గడప లోపల ఇంగ్లీషే మాట్లాడాలని నాన్న తీర్మానం. పిల్లాడి మేలు కోసమన్నారు కాబట్టి అమ్మ ఎదురు చెప్పలేదు. కానీ ఆవిడకు వచ్చిన ఇంగ్లీషు ఎంత? కమ్, ఈట్, స్లీప్, నో. వండుతూ పాడుకునే మనిషి పాట మానేసింది. అన్నం పెడుతూ చెప్పే కాకమ్మ కబుర్లు ఆగిపోయాయి. తమ్ముడికి స్నానం చేయిస్తూ నోరు తెరవబోయి మూసుకునేది. హీటర్ గరగర, గడియారం చప్పుడు తప్ప ఇంట్లో ఇంకేమీ వినపడేది కాదు. ఆ నిశ్శబ్దం నాకిప్పటికీ గుర్తుంది. స్కూలు నుంచి త్వరగా రావాలని అనిపించేది కాదు.

దానికి విరుగుడు అమ్మే కనిపెట్టింది. ఒకరోజు నేను రాగానే చెయ్యి పట్టుకుని వెనక తోటలోకి లాక్కుపోయింది. తలుపు మూసి, “ఇంట్లో వద్దన్నారు గానీ తోటలో వద్దనలేదుగా! చెప్పు, ఇయ్యాల స్కూల్లో ఏం జరిగింది? ఏం తిన్నావ్? ఆ కస్టర్డ్ మళ్ళీ పోశారా?” అని తెలుగులో గబగబా అడిగింది. గాలి, సన్నటి తుంపర. చీర మీద నాన్న పాత కోటు వేసుకుని అమ్మ నిలబడి ఉంది. ఇద్దరం చలికి వణుకుతూ నవ్వుకున్నాం. అప్పటి నుంచి రోజూ తోటలో మా దొంగ కబుర్లు. తమ్ముడు మా కాళ్ళ దగ్గర మట్టి తవ్వుకునేవాడు.

ఆ కబుర్లే కంచె అవతల ఉన్న ముసలావిడను రప్పించాయి. ఆవిడ రిటైరైన స్కూలు టీచరు. ఒక్కత్తే ఉండేది. చెవి వెనక వినికిడి మిషన్ పెట్టుకునేది, అది అప్పుడప్పుడూ కీచుమనేది. “రోజూ వానలో నిలబడి ఏం మాట్లాడుకుంటారు?” అని అడిగింది. నేను ఉన్నదంతా చెప్పేశాను. ఆవిడ అంతా విని లోపలికి వెళ్ళి తన తోటలో పండిన రూబార్బ్ కాడలు ఒక కట్ట తెచ్చి కంచె మీదుగా అమ్మకి ఇచ్చింది. ఎర్రటి కాడలు, పచ్చటి చివర్లు. అమ్మ ఒక ముక్క కొరికి కళ్ళు మూసుకుంది.

“అమ్మాయ్! అచ్చం గోంగూర పులుపే!”

ఆ రాత్రి రూబార్బ్ వేసి పప్పు చేసింది, వెల్లుల్లి తిరగమోతతో. మర్నాడు ఒక గిన్నెడు పక్కింటికి పట్టుకెళ్ళింది. ఆవిడ చెంచాతో తిని, కళ్ళ నీళ్ళు తుడుచుకుని, మళ్ళీ వడ్డించుకుంది. ఈ దేశంలో రూబార్బ్‌ని చక్కెర వేసి ఉడికిస్తారు తప్ప కారం వేయడం ఆవిడ ఎప్పుడూ చూడలేదట. గిన్నె తిరిగి ఇస్తూ, “రేపటి నుంచి నాతో టీ తాగు. ఇంగ్లీషు నేను నేర్పుతాను” అంది. అమ్మ ఆవిడని టీచరమ్మ అని పిలిచేది. ఆ పేరే స్థిరపడింది.

టీచరమ్మ వంటగదిలో అల్లం బిస్కెట్ల వాసన, బొగ్గు పొయ్యి వాసన. గోడకి ఒక పెద్ద గడియారం. స్కూలు సెలవులు కాబట్టి నేనూ తమ్ముణ్ణి ఎత్తుకుని వెళ్ళేదాన్ని. పాఠం చెప్పేటప్పుడు ఆవిడ పద్ధతి గట్టిగా ఉండేది. తప్పు వాక్యాన్ని వదిలిపెట్టేది కాదు. అమ్మ ఒకరోజు “ఐ సెడ్ మై హస్బెండ్” అంది. టీచరమ్మ బల్ల మీద వేలితో తట్టింది. “టోల్డ్.”

మర్నాడు “ఐ టోల్డ్ దట్ ఐ యామ్ హంగ్రీ” అంది. మళ్ళీ వేలు. “సెడ్.”

అమ్మకి కోపం వచ్చింది. నా వైపు తిరిగి తెలుగులోనే, “ఏందే ఇది? నిన్న సెడ్ అంటే టోల్డ్ అంది, ఇయ్యాల టోల్డ్ అంటే సెడ్ అంటోంది. రెండూ చెప్పటమేగా? తేడా ఏందో అడుగు” అంది.

నేను అడిగాను. టీచరమ్మ బల్ల మీద పంచదార గిన్నె, పాల జగ్గు పక్కపక్కన పెట్టింది. సే అనే క్రియకి కావలసింది మాటలు, అంది. ఏమన్నావో అది చాలు. విన్నదెవరో తెలియకపోయినా పరవాలేదు. మనిషిని తేవాలంటే మధ్యలో ‘టు’ పెట్టి తేవాలి. టెల్ అలా కాదు. దానికి ఎదురుగా మనిషి కావాలి. టెల్ మీ, టెల్ హిమ్. మనిషి లేకుండా అది కుంటుతుంది. అయితే కథ, నిజం, టైమ్, ఈ మూడింటినీ మాత్రం మనిషి లేకపోయినా టెల్ చేయొచ్చు. ఎందుకని అడగొద్దు, అది అంతే.

అమ్మ పెదవులు కదులుతున్నాయి. హఠాత్తుగా బల్ల మీద చరిచింది.

“ఇది మనకీ ఉందే! అనటం, చెప్పటం! ‘వస్తానని అన్నాడు’, అది సే. ‘నాకు చెప్పాడు’, అది టెల్. కథ చెప్పమంటాం గానీ కథ అనమంటామా? నిజం చెప్పు, టైమెంతో చెప్పు. అన్నీ చెప్పటమే! నాకు స్కూల్లో రెండిటికీ చెప్పటమని నేర్పబట్టి ఇంతకాలం తిప్పలు పడ్డా!” అక్కడితో ఆగలేదు. “ఐ సెడ్ మై హస్బెండ్ అంటే ఏమయిందో తెలుసా? ‘మా ఆయన్ని అన్నాను’. అంటే తిట్టానని! మా ఆయన్ని రోజూ ఇంగ్లీషులో తిట్టిపోశా అన్నమాట!”

నేను నవ్వుతూనే అనువదించాను. టీచరమ్మ ఎంత నవ్విందంటే చెవి మిషన్ కీచుమని అరిచింది. తరవాత ఆవిడ గౌరవంగా, ఆ రెండు తెలుగు మాటలూ తనకి నేర్పమంది. అను, చెప్పు. నేను ఊరుకోలేక, చెప్పు అంటే కాలికి వేసుకునేది కూడా అని నా చెప్పు తీసి చూపించాను. టీచరమ్మ పాపం ఎంతో శ్రద్ధగా విని, మర్నాడు నాన్న కంచె దగ్గర కనపడితే తన చెప్పు చూపిస్తూ “టెల్!” అంది. నాన్న ఇంట్లోకి వచ్చి, “ఆవిడకి మతి చలించినట్టుంది” అన్నారు. అమ్మ, నేను ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. చూస్తే నవ్వాగదు.

అలా వేసవి సగం గడిచింది. ఒకరోజు మేం వెళ్ళేసరికి టీచరమ్మ చెవి మిషన్ బాగుచేయడానికి ఇచ్చి వచ్చింది. ఆవిడకి ఏమీ వినపడటం లేదు. అమ్మ మాట్లాడుతుంటే కళ్ళు అమ్మ పెదవుల మీదే పెట్టి, మెడ కొంచెం ముందుకు చాచి చూస్తోంది. అమ్మ మాట మధ్యలో ఆగిపోయింది. నేల మీద ఆడుకుంటున్న తమ్ముణ్ణి లేపి తన వైపు తిప్పుకుని పలకరించింది. వాడూ అంతే. అదే మెడ, అదే చూపు, పెదవుల మీద. అమ్మ టీచరమ్మని చూసింది, వాణ్ణి చూసింది. వాడు అటు తిరిగాక, వాడికి ప్రాణమైన బిస్కెట్ల ప్యాకెట్ తీసి వాడి వెనక గలగలలాడించింది. వాడు తిరగలేదు. టీచరమ్మకి చప్పుడు వినపడలేదు గానీ జరిగింది మొత్తం కళ్ళారా చూసింది.

“గో అండ్ టెల్ దెమ్” అంది అమ్మతో. వెళ్ళి వాళ్ళకి చెప్పు.

ఆ వారమంతా వంటగదిలో ఇంకే పాఠమూ లేదు. డాక్టరు ముందు మాట్లాడాల్సిన మాటలు, అవే మళ్ళీ మళ్ళీ. తానూ వస్తానని టీచరమ్మ అంది. అమ్మ వద్దంది. నాన్న వస్తే మళ్ళీ ఆయనే మాట్లాడతారని, ఆయన ఆఫీసుకి వెళ్ళాక బయల్దేరింది. పట్టుచీర కట్టింది. దాని మీద అదే పాత కోటు, కాళ్ళకి మేజోళ్ళు, చెప్పులు. తమ్ముడు చంకలో. నేను వెనక. దారి పొడుగునా పెదవులు కదుపుతూనే ఉంది.

సర్జరీలో తడి కోట్ల వాసన, నేలకి పూసిన పాలిష్ వాసన. మా వంతు వచ్చింది. మునుపటి డాక్టరే, పెద్దాయన, బాగా అలిసిపోయి ఉన్నాడు. అమ్మని చూసి, తరవాత నా వైపు తిరిగి, “మీ అమ్మ ఏమంటోంది, పాపా?” అని అడిగాడు. అమ్మ ఇంకా నోరు తెరవనే లేదు.

అమ్మ నా భుజం మీద చెయ్యి వేసి వెనక్కి జరిపింది. “నువ్వు ఊరుకో. నేను చెప్తా.”

తరవాత ఆయన కళ్ళలోకి చూస్తూ, ఒక్కో మాటా విడదీసి పలికింది.

“ఐ సెడ్ ఇట్ టు ది నర్స్. ఐ సెడ్ ఇట్ టు మై హస్బెండ్. నౌ ఐ యామ్ టెల్లింగ్ యూ. మై సన్ డజ్ నాట్ హియర్.”

గొంతు వణికింది గానీ వాక్యం వణకలేదు. ఒక్క తప్పు లేదు. పక్కింటి బల్ల మీద తట్టే వేలు నాకు గుర్తొచ్చి, ఎక్కడైనా తట్టు వినపడుతుందేమోనని చూశాను. లేదు.

డాక్టరు కలం కింద పెట్టాడు. అమ్మ కోటు జేబులోంచి బిస్కెట్ల ప్యాకెట్ తీసి ఆయన చేతికిచ్చి, తమ్ముడి వెనక్కి చూపించింది. ఆయన లేచి వెళ్ళి ప్యాకెట్ నలిపాడు. తమ్ముడు గోడ మీది బొమ్మను చూస్తూనే ఉన్నాడు. ఆయన ఇంకా దగ్గరికి వెళ్ళి నలిపాడు. తరవాత వాడి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చిన్న దీపంతో ఒక చెవి, మరో చెవి చూశాడు. లేచి నిలబడి అమ్మతోనే మాట్లాడాడు, నాతో కాదు. నెమ్మదిగా, విడదీసి. చెవుల లోపల జిగురులాంటి నీరు చేరిందని, పెద్ద చప్పుళ్ళు తప్ప మాటలు వాడికి సరిగ్గా అందడం లేదని, హాస్పిటల్‌కి పంపిస్తానని, ఇది బాగయ్యేదేనని. చివర్న, “ముందే వినాల్సింది. సారీ” అన్నాడు.

“థ్యాంక్యూ, డాక్టర్” అంది అమ్మ. బయటికి వచ్చి బస్ స్టాప్ బెంచీ మీద కూలబడి, నన్నూ వాణ్ణీ ఒళ్ళోకి లాక్కుని ఏడ్చింది. వాడు ఆవిడ చేతిలోని ప్యాకెట్ లాక్కుని తినడం మొదలుపెట్టాడు.

సాయంత్రం నాన్న వచ్చాక అమ్మ అంతా చెప్పింది, తెలుగులోనే, ఇంట్లోనే. నాన్న కోటు కూడా విప్పకుండా మెట్ల మీద కూర్చుండిపోయారు. “ఆ రోజు నువ్వన్నది నేను డాక్టరుకి చెప్పలేదు” అన్నారు. “నీకు తెలీదులే అనుకున్నా.”

అమ్మ ఆయన పక్కన కూర్చుంది.

“ఇంక ఇంట్లో తెలుగు మాట్లాడుకోవచ్చు” అన్నారు నాన్న.

“ఆహా! మీరు పర్మిషన్ ఇచ్చేదేందండీ?” అంది అమ్మ. ఆ మాట విని నాన్న తలెత్తి చూసి, నవ్వారు. ఎన్ని నెలలకో మా ఇంట్లో నవ్వు వినపడింది.

ఆకులు రాలే కాలంలో తమ్ముడికి ఆపరేషన్ అయింది. చెవుల్లో నీరు తీసేసి, బియ్యపుగింజంత గొట్టాలు పెట్టారు. ఇంటికొచ్చిన రోజు కుళాయి తిప్పితే ఉలిక్కిపడి అమ్మ కాళ్ళు కావలించుకున్నాడు. కాగితం నలిపితే వెనక్కి తిరిగాడు. అమ్మ ఆ రోజు పొద్దున మొదలుపెట్టి వాడు నిద్రపోయేదాకా నోరు మూయలేదు. ఆగిపోయిన పాటలు, కబుర్లు, తెనాలి సంగతులు, అన్నీ వాడి చెవిలో పోసింది. కొన్ని వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం వంటగది కిటికీ మీద వాన పడుతోంది. వాడు ఆట ఆపి, వేలు పైకెత్తి, అమ్మని అడిగాడు.

“ఏంది?”

అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. “వాన నాన్నా” అంది. వాడు కెటిల్ ఈల వింటే “ఏంది?” అన్నాడు. పాల బండి సీసాలు గలగలమంటే “ఏంది?” కంచె అవతల పిట్ట కూస్తే “ఏంది?” అమ్మ దేన్నీ వదలకుండా జవాబు చెప్పింది. ఇంగ్లీషు వాడికి స్కూల్లో ఇట్టే వచ్చేసింది. ఎవరూ తికమక పడలేదు.

ఆ వీధిలో మేం ఎక్కువ కాలం లేం. టీచరమ్మ పోయి చాలా ఏళ్ళయింది. పాల బండ్లు, పారఫిన్ హీటర్లు ఇప్పుడెవరికీ తెలియవు. తమ్ముడు గ్లాస్గోలో ఉద్యోగం చేస్తున్నాడు. ఫోను చేస్తే మనం ఒక మాట అనేలోపు వాడు పది అంటాడు.

తరవాతి రోజుల్లో, తెలుగువాళ్ళు నలుగురు చేరిన ప్రతి చోటా నాన్న ఈ కథ చెప్పేవారు. తన తప్పు దాచకుండా, పట్టుచీర మీద కోటుతో సహా. డాక్టరు ముందు అమ్మ పలికిన నాలుగు ఇంగ్లీషు వాక్యాలూ అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పేవారు, తాను అక్కడ లేకపోయినా. ఎవరి గురించీ అంత గర్వంగా ఆయన మాట్లాడగా నేను వినలేదు. నాన్న పోయాక ఆ కథ చెప్పే పని నాకు వచ్చింది. అమ్మ పక్కనే ఉంటే, “చాల్లే, ఎన్నిసార్లే, ఇంక ఊరుకో” అంటుంది.

నేను ఊరుకోను.